సిడ్నీ నుంచి సాంతయ్యగూడకి

కాశీబుగ్గ కేటీ రోడ్డులో
మందుల షాపు పక్క మెట్లెక్కితే నా నెట్ సెంటరు.
బుధవారం మధ్యాహ్నం, కరెంటు అప్పుడే వచ్చింది.
తామాడ దాలమ్మ వేలిముద్ర వెయ్యడానికొచ్చింది.

కుడి బొటనవేలు. కాదంది మిషను.
చూపుడువేలు. కాదంది.
పైట చెంగుతో తుడిచి మళ్లీ పెట్టింది.
పదో వేలిక్కూడా ఎర్ర దీపమే.
ఇరవై రెండేళ్లు జీడిసొన తాగిన వేళ్లు,
ఆఖరి రోజు సబ్బుబిళ్లలా నున్నగా.

"కళ్లు చూసే మిషను రేపొస్తుందమ్మా" అన్నాను.
కదల్లేదు.
జాకెట్లోంచి మడత కాగితం తీసింది. వారం కూలి చీటీ.
వెనకాల పెన్సిలుతో, ఎవరిచేతో రాయించిన రెండూర్లు:
సిడినీ. సాంతయ్యగూడ.

"ఈ రెండిటికీ ఎంత దూరం బాబూ?
ఇమానం ఎంతసేపు ఎల్తాది?"

సాంతయ్యగూడ మందస దాటాక
ఏ కొండ కిందో ఉంటుందనుకున్నాను.

"నీలం ముద్దర డబ్బాలు ఆ ఇమానంలోకేనట.
గుమస్తా సెప్పినాడు.
ఇరగని గుండు ఏరి నానే నింపినాను.
తినీవోలు ఎంతసేపు తింతారో తెలుసుకుందావని."

వెతగ్గా వెతగ్గా అది శాంటియాగో అని తేలింది. చిలీ దేశం.
తెరనిండా నీలం, నీలం మీద ఒక వంకర గీత.
దారిలో ఊరు లేదు, టీ కొట్టు లేదు,
మంచు ఖండం అంచుదాకా ఒకటే సముద్రం.
"పదకొండు వేల మూడొందల కిలోమీటర్ల పైన.
పన్నెండున్నర గంటలు."

దాలమ్మ కళ్లు మూసుకుని లెక్కేసింది.
కోసంగిపురం నుంచి ఫ్యాక్టరీకి నాలుగు, తిరిగి నాలుగు.
ఆదివారాలు తీసేసింది, పండగలు తీసేసింది,
కాన్పుకి మానేసిన నెలలు తీసేసింది,
బట్టీ ఆరిన వానాకాలాలూ తీసేసింది.
"అయిదేళ్ల నడక" అంది.
అని, "అంతేనా" అంది.

ఇంకొకటి ఉంది. చెప్పకుండా ఉండలేకపోయాను.
"పొద్దున్న పదకొండింటికి సిడ్నీలో ఎక్కితే
అదే రోజు, అదే తారీకు,
పొద్దున్న తొమ్మిదిన్నరకి అక్కడ దిగుతారు."
"ఎక్కక ముందే?"
"ఎక్కక ముందే."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.
కింద ఉల్లిపాయల ఆటో, మైకులో కేకేసుకుంటూ
రోడ్డు చివరిదాకా వెళ్లింది.
అప్పుడడిగింది:
"అయితే ఆ ఇమానంలో పనిసేసీవోలికి
ఆ రోజు కూలి రెండుసార్లు రాస్తారా?"

నా దగ్గర జవాబు లేదు. తెర మీదా లేదు.
ఏదో ఒకటి చెప్పాలి గదా అని
తిరుగు ప్రయాణం చెప్పాను.
సోమవారం మధ్యాహ్నం బయల్దేరి
మంగళవారం సాయంత్రం చేరడం,
ఎండ వెంట ఎండ,
వాళ్ల వేసవిలో మధ్యలో రాత్రే రాకపోవడం.

"రాత్రి రాకపోతే నడుం ఎప్పుడు వాల్తారు?"
అంది గాని, జవాబు కోసం ఆగలేదు.
"ఆ గీతని కాగితం మీద తీసిస్తావా."

ప్రింటు తీశాను. సిరా అయిపోవచ్చింది,
సముద్రం తెల్లగా పడింది, గీత మాత్రం పడింది.
వద్దన్నా వినకుండా బల్ల మీద అయిదు రూపాయలు పెట్టింది.
కాగితాన్ని కూలి చీటీలో పెట్టి మడిచింది.
ఆ దూరం నాలుగు మడతలైంది.

"రేపొస్తాను బాబూ, కళ్లట్టుకొని."

మిషను ఇంకా వెలుగుతూనే ఉంది: వేలు పెట్టండి, వేలు పెట్టండి.
అద్దం మీద పది సార్లు ఆనిన చోట
కొంచెం చెమట, కొంచెం జీడి వాసన.

కిటికీలోంచి చూశాను.
మహేంద్రగిరి వైపు మబ్బు దిగుతోంది.
నాలుగు కిలోమీటర్లు, ముప్పావుగంట,
వాన పడితే గంట.
బయల్దేరిన తర్వాతే చేరుతుంది దాలమ్మ.